రెండో రక్తాక్షి

ఆనంద నామ సంవత్సరం, చీకటి పక్షం, సప్తమి

నల్లరేవు లైబ్రరీ, లంకెల విభాగం. రాస్తున్నది లంక అసిరమ్మ. ఇంటిపేరు లంక, ఉద్యోగం లంకె. ఈ పరాచికం ఊరంతా ఎప్పుడో ఆడేసింది కాబట్టి చదివేవాళ్లు మళ్లీ ఆడనక్కర్లేదు.

ఈ లాగ్‌లో రెండే ముక్కలు రాయాలని పైవాళ్ల ఆజ్ఞ. ఏ లంకె పనిచేసింది, ఏ లంకె పనిచేయలేదు. రెండు ముక్కల్లో మాట తెమల్చడం మా వంశంలోనే లేదు. ఇష్టమైతే చదవండి, లేకపోతే మానేయండి.

నిద్ర లేవగానే గుమ్మం పట్టీ మీద చేరిన మసి తుడిచాను. టీ పెట్టుకున్నాను. రోజూ చేసినట్టే వారధి తెరిచి, తోచిన లంకెలు కొన్ని ఎంచుకుని చివరిదాకా నడిచి చూశాను. వారధి అంటే మా లైబ్రరీలో వ్యాసాలు వెతికిపెట్టే యంత్రం. వ్యాసం పేరు చెబితే అది ఏ గిడ్డంగిలో ఉందో కనుక్కుని అక్కడికి లంకె వేస్తుంది. కొన్ని గిడ్డంగులు మా కాళ్ల కిందే ఉన్నాయి, కొన్ని గురుగ్రహపు చందమామ గనిమేడ మీది ఊళ్లలో ఉన్నాయి, కొన్ని మనిషి అలికిడే లేకుండా సూర్యుడి చుట్టూ తిరుగుతున్నాయి. వ్యాసం తెరుచుకుంటే తెర మీద 'దొరికింది' అని వస్తుంది, లేకపోతే 'దొరకలేదు' అని వస్తుంది. ఇవాళ కోళ్ల తెగులు మీద వ్యాసం అడిగితే ఎవరిదో పెళ్లి విందు వంటల వరస తెరుచుకుంది. కోళ్లు అందులోనూ ఉన్నాయి, కాకపోతే వండినవి. వారధి మాత్రం దర్జాగా 'దొరికింది' అంది.

టీ చల్లారకముందే డాక్టర్ తేజోవతి వచ్చింది. మా ఊరికి ఉన్నది ఆమె ఒక్కతే. వయసులో నాకన్నా చాలా చిన్నది, కానీ రోగి మంచం పక్కన నిలబడితే ఊరు మొత్తానికి పెద్దదిక్కులా ఉంటుంది.

"అసిరప్పా, ఒక వ్యాసం కావాల. బేగి కావాల," అంది. అప్ప అంటే మా వైపు అక్క.

"ఎవరికమ్మా?"

"ముత్తెమ్మప్పకి."

టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాను. ముత్తెమ్మ నా చిన్ననాటి స్నేహితురాలు. ఇద్దరం ఒకే పలక మీద దిద్దుకున్నాం. నేను లైబ్రరీలో పడ్డాను, అది మంచు కోతకు వెళ్లింది. మా చందమామకి ఒక పక్క బొగ్గు, ఒక పక్క మంచు. అందుకే తాతలు దీన్ని బొల్లావు అన్నారు. ఆ నలుపూ తెలుపూ కలిసేచోట మా ఊరు. నల్లపక్కనుంచి మసి సన్నగా రాలుతూనే ఉంటుంది. ముఖానికి ఎన్ని తొడుగులు వేసుకున్నా కోతవాళ్ల కళ్లలో ఏళ్ల తరబడి అది పొరలా పేరుకుంటుంది. మేం దాన్ని మసిచూపు అంటాం. ముత్తెమ్మకి అది ముదిరిందని నాకు తెలుసు. ఎంత ముదిరిందో ఇవాళ డాక్టరమ్మ చెప్పింది.

"ఇలాగే ఒగ్గేస్తే వచ్చే వెలుగు పక్షం దాటకుండా రెండు కళ్లూ పోతాయప్పా."

గనిమేడ వైద్యుడెవరో రాసిన చిన్న వ్యాసంలో, ఆధారంగా ఇచ్చిన ఇంకో వ్యాసం పేరు ఆమెకు కనిపించిందట. పొట్నూరు వింధ్యావళి, 'మసిచూపుకు మందు', రక్తాక్షి. అంతే ఉంది. నేను వారధికి అది చెప్పాను. వారధి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. రక్తాక్షి అంటే ఎర్రకన్ను కదా, కళ్లకలక మీద భూమి పుట్టినప్పటినుంచి రాసినవన్నీ తెచ్చి నా ముందు కుమ్మరించింది.

లంకె పనిచేయలేదు.


చీకటి పక్షం, నవమి

మా తిథులు పాతకాలపు తిథులు కావు. ఇక్కడ ఒకసారి పొద్దు గూకితే మళ్లీ పొడవడానికి భూమి లెక్కన నెల దాటుతుంది. ఆ చీకటిని పదిహేను తిథులుగా పంచుకున్నాం, ఒక్కో తిథిలో రెండు మూడు నిద్రలు పడతాయి. ఏళ్ల పేర్లు మాత్రం తాతలు భూమినుంచి తెచ్చుకున్నవే.

రెండు తిథులుగా కళ్లకలక చదువుతున్నాను. గుడ్డెద్దు చేలో పడ్డట్టుంది నా పని. చదివిన కొద్దీ నా కళ్లే దురదపెట్టాయి గానీ వింధ్యావళి పేరు ఎక్కడా తగల్లేదు. విసుగొచ్చి, పప్పుచారు ఒక గిన్నెలో పోసుకుని ముత్తెమ్మ ఇంటికి వెళ్లాను.

అది కిటికీ దగ్గర కూర్చుంది. కిటికీ నిండా శనిగ్రహం, దాని చుట్టూ ఉంగరాలు. ఏలిననాటి శని అంటే ఏడున్నరేళ్లని పాత పంచాంగాలు భయపెడతాయి. మాకు పుట్టినప్పటినుంచి నెత్తిమీదే ఉన్నాడు, మేమెవరికి చెప్పుకోవాలి? ముత్తెమ్మ ముఖం అటే ఉంది, చూపు మాత్రం కాస్త పక్కకి ఉంది.

"ఉంగరాలు అగుపడతన్నాయేటే?" అన్నాను.

"గీతలాగ ఏదో ఉంది. మొన్నటిదాకా మూడు గీతలు. ఇప్పుడు ఒక్కటే." తరవాత ముక్కు ఎగబీల్చింది. "పప్పుచారు మాడ్చీసినావు. కళ్లు పోతే పోనాయి గాని ముక్కు బాగానే ఉంది నాకు."

నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ మింగి, కళ్లకలక గోడంతా దానితో వెళ్లబోసుకున్నాను. రక్తాక్షి అనే రోగం ఏ మహానుభావుడు కనిపెట్టాడో, వాడి దుంప తెగ, అని తిట్టాను.

ముత్తెమ్మ ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగింది.

"రక్తాక్షి రోగమేటే, ఎర్రిదానా? మా అప్ప పుట్టింది రక్తాక్షి. ఆ ఎనక క్రోధన నాను పుట్టేను."

నేను గిన్నె కూడా తీసుకోకుండా లైబ్రరీకి పరుగెత్తాను. అరవై ఏళ్ల పేర్లలో అదొకటి. ప్రభవ, విభవ అని చిన్నప్పుడు కర్రదెబ్బలు తిని వల్లించినవే. ఏడాది పేరును పట్టుకుని రోగమనుకుంటే, కళ్లకలక రాక ఇంకేం వస్తుంది? పైగా ఏడాదికి అంకె వేయకుండా పేరు వేసే అలవాటు మా నల్లరేవు పత్రికకే ఉంది. అంటే ఆ వ్యాసం మా సొంత పత్రికలోది. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు నేను భూమి దాకా వెతికాను.

వారధికి ఈసారి తిన్నగా అడిగాను. నల్లరేవు పత్రిక, రక్తాక్షి నామ సంవత్సరం, వింధ్యావళి. రెప్పపాటులో వ్యాసం తెరుచుకుంది.

దొరికింది. లంకె పనిచేసింది. పనిచేసిందని ఇంకో రెండుసార్లు రాయాలని ఉంది.


చీకటి పక్షం, దశమి

డాక్టరమ్మ ఆ వ్యాసం మా బల్ల దగ్గరే కూర్చుని చదివింది. నేనూ భుజం మీదుగా చదివాను. వింధ్యావళి మొదటి ఓడలో దిగినవాళ్లలో మనిషి, అప్పటికి ఇరవై నాలుగేళ్ల పిల్ల. ఎంత ధీమాగా రాసిందో! మసిపొరకి వెలుగే మందని, తెల్లటి దీపం ముందు రోజూ కూర్చోబెడితే పొర కాలి రాలిపోతుందని, అన్నిటికన్నా మంచిది తొలిపొద్దని రాసింది. చీకటి పక్షం ముగిసి సూర్యుడు పొడిచే వేళకి రోగిని ఊరి పెద్దకిటికీ దగ్గర నిలబెట్టి కళ్లారా చూడనివ్వమంది.

"ముందు ఒక్క కంటికే చేస్తానప్పా. ఎడంకన్ను. మంచిగుంటే తొలిపొద్దుకి రెండోదీ," అంది డాక్టరమ్మ.

ముత్తెమ్మకి చెబితే దాని ముఖం వెలిగిపోయింది. తొలిపొద్దు చూడటమే వైద్యమంటే దానికింక కావలసిందేముంది? మా ఊళ్లో తొలిపొద్దే పెద్ద పండగ. ఇక్కడికి సూర్యుడు ఆవగింజంత. అందుకే ఆ గింజ అంచు మీద కనబడగానే ప్రతి వంటింట్లోనూ కాగిన నూనెలో గుప్పెడు ఆవాలు పడేస్తారు. ఊరంతా ఒక్కసారి చిటపటలాడుతుంది. పోపు పండగ అంటాం. ముత్తెమ్మ తన జన్మలో ఒక్క పొడుపు కూడా వదులుకోలేదు, జ్వరంలో కూడా దుప్పటి కప్పుకుని వచ్చి కిటికీకి అంటుకుంటుంది.

"ఈసారి పోపు నానెడతాను. నువ్వు మాడ్చీస్తావు," అంది.


చీకటి పక్షం, ద్వాదశి

ఇవాళ రాయబుద్ధి కావడం లేదు. అయినా రాస్తాను.

దీపం ముందు కూర్చోబెట్టిన ఎడంకన్ను బాగుపడలేదు. పొర రాలలేదు, గట్టిపడింది. ఆ కంటితో ముత్తెమ్మకి ఇప్పుడు ఆ ఒక్క గీత కూడా కనబడటం లేదు.  

డాక్టరమ్మ దీపం ఆర్పేసి నేరుగా నా దగ్గరికి వచ్చింది.  గనిమేడ వైద్యుడి వ్యాసం మళ్లీ తెరిచి వేలు పెట్టి చూపించింది. అతను వింధ్యావళి మాట ఒకటి ఎత్తి రాశాడు, అసలు వ్యాసమే దొరికిందన్న ధీమాలో ఆమె దాన్ని మళ్లీ చూసుకోలేదు. 'మసి చీకటిలోనే విడుస్తుంది.' అలా ఉంది.

"ఈ మాట మనకి దొరికిన వ్యాసంలో నేదప్పా. మూడుసార్లు చదివేను. ఎక్కడా నేదు. పైగా ఆవిడ దీపమే మందంటాది."

 అదే పేరు, అదే మనిషి, అదే ఏడు, కానీ మాట తిరగబడి ఉంది. గనిమేడ అతను కలగని రాసి ఉండడు కదా. మరి ఏ వ్యాసం చదివాడు?

ఇద్దరం ముత్తెమ్మ ఇంటికి వెళ్లాం. నేను ఊరుకోలేక, "ఆ వింధ్యావళమ్మ ఎవర్తో గాని మన కొంప ముంచింది," అన్నాను.

ముత్తెమ్మ తల తిప్పింది. "ఓలమ్మ, ఆవిణ్ని అనకే. మా అప్ప కానుపు చేసింది ఆవిడే. మా అమ్మ ఎప్పుడూ చెప్పేది. ఎనభై దాటిన ముసిలమ్మ, ఒళ్లు ఒణుకుతన్నా చెయ్యి ఒణికీది కాదట."

డాక్టరమ్మా నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఇరవై నాలుగేళ్ల పిల్ల వ్యాసం రాసింది రక్తాక్షిలో. ఎనభై దాటిన ముసలమ్మ ముత్తెమ్మ అప్పకి పురుడు పోసింది కూడా రక్తాక్షిలోనే. అరవై ఏళ్లు తిరిగేసరికి పేరు మళ్లీ వచ్చింది. రక్తాక్షులు రెండున్నాయి. ఆవిడ రెండిట్లోనూ బతికే ఉంది.

మాకు దొరికింది మొదటిది.


చీకటి పక్షం, త్రయోదశి

వారధి కడుపులోకి దిగాను. దానికి తాతల నాడు రాసిపెట్టిన నియమాలుంటాయి. వాటిని ఎవరూ చదవరు, నేనూ ఇప్పటిదాకా చదవలేదు. ఒకచోట ఇలా ఉంది. పేరు ఒకటే, రాసినవారు ఒకరే, సంవత్సరం ఒకటే అయితే అవి రెండూ ఒకటే. ఒకదాన్ని ఉంచి రెండోదాన్ని తీసేయాలి.

పాపం, దానికేం తెలుసు? భూమి మీద ఏళ్లు అంకెల్లో నడుస్తాయి, అంకె తిరిగి రాదు. మనకి ఏళ్లు బంధువుల్లా పేర్లు పెట్టుకుని వస్తాయి, వెళ్తాయి, మళ్లీ వస్తాయి. అది రెండు రక్తాక్షుల్నీ ఒకటే అనుకుంది. పాతదాన్ని ఉంచి కొత్తదాన్ని చెరిపేసింది. మా గిడ్డంగిలో రెండో రక్తాక్షి వ్యాసం లేదు. గనిమేడకి కబురు పెడితే అక్కడా అదే వారధి, అదే నియమం. ఆ వైద్యుడు వారధి దాన్ని చెరపకముందే చదివి ఉంటాడు, ఆయన పోయి చాలాకాలమైంది.

లంకె తెగితే 'దొరకలేదు' అంటుంది, మనం ఇంకోచోట వెతుక్కుంటాం. దొరికిందని చెప్పి తప్పుడు గుమ్మం ముందు దించి పోయే లంకెని ఏం చేయాలి? ఇన్నేళ్లుగా 'దొరికింది' అన్న మాట చూడగానే సంతోషపడ్డాను. ఇప్పుడు ఆ మాట చూస్తే ఒళ్లు మండుతోంది.

మా లైబ్రరీ పెద్దాయన గుంపస్వామి గారు తెర చూసి, "దొరికిందని ఉంది గదమ్మా, ఇంకేటి?" అన్నారు. కోళ్ల తెగులు వ్యాసం తెరిచి చూపించాను. పెళ్లివిందు మొత్తం చదివి, కళ్లజోడు తీసి తుడుచుకుని, "దూరపు గిడ్డంగిని అడిగేవా?" అన్నారు.

ఆ మాట నాకు తట్టనే లేదు. మొదట్లో మా పత్రిక ప్రతి సంచికనీ రెండు కాపీలు చేసేవారు. ఒకటి ఊళ్లో, ఒకటి దూరపు గిడ్డంగికి. అది మనిషి లేని ఒంటరి పెట్టె. సూర్యుడి వెలుగు మాకన్నా కూడా తక్కువ పడేచోట, నల్లటి చలిలో తిరుగుతుంటుంది. మేం పుట్టిన కొత్తలోనే అక్కడికి సంచికలు పంపడం ఆపేశారు. వారధికి దాని ఊసే తెలియదు కాబట్టి దాని నియమం అక్కడిదాకా పోలేదు.

అది బతికుందో లేదో ఎవరికీ తెలియదు. దాని దిక్కుకి డిష్ తిప్పించి, వారధిని పక్కన పెట్టి, నా చేత్తో అడిగాను. 'నల్లరేవు పత్రిక. రక్తాక్షి. మొదటిది కాదు, రెండోది. వింధ్యావళమ్మ రాసింది. ఒక మనిషి చూపు దీని మీద ఉంది.' చివరి వాక్యం యంత్రానికి అక్కర్లేదు. రాయకుండా ఉండలేకపోయాను.


చీకటి పక్షం, అమావాస్య

మాట అక్కడికి చేరడానికి ఒక పూట, జవాబు రావడానికి ఒక పూట. పూటలు గడిచాయి. ఏమీ రాలేదు. మళ్లీ అడిగాను. మళ్లీ గడిచాయి.

డాక్టరమ్మ తేల్చి చెప్పేసింది. "పొద్దు పొడిచీలోగా రాకపోతే, కుడికన్నుని ఇలాగే ఒగ్గేయాలా, కట్టు కట్టేయాలా నానే తేల్చుకోవాల. ఎత్తి రాసిన ఒక్క మాటని పట్టుకుని ఎలాగ కట్టనప్పా? ఎన్నాళ్లు కట్టాల, ఏటి వేసి కడగాల, ఏదీ తెలీదు. తప్పితే ఈ కన్నూ పోతాది."

పోపు పండగకి ఊరంతా నూనె తీస్తోంది. వీధిలో ఆవాల వాసన. నేను తెర ముందు కూర్చుని వేయి దేవుళ్లకి మొక్కాను.

అప్పుడు తెర మీద అక్షరాలు వచ్చాయి. ఒక్కొక్కటిగా, మెల్లగా, నడవలేని మనిషి గుమ్మం దాకా వచ్చినట్టు వచ్చాయి.

'ఎవురూ?'

 ఆ పెట్టెని తయారుచేసిన మా తాతల కాలపు మనిషెవరో, యంత్రం మొదటి జవాబుగా ఆ మాట పెట్టాడు. తలుపు తడితే మన ఇళ్లలో లోపలినుంచి అనే మాటే పెట్టాడు. తరవాత ఇంకో వాక్యం.

'చాలా దినాలైపోనాది. కూకోండి, తెస్తాను.'

నాకు ఏడుపు తన్నుకొచ్చింది, సిగ్గు లేకుండా ఏడ్చాను. గుంపస్వామి గారు నా వెనకే నిలబడి రెండు చేతులూ జోడించారు. దేవుడికా, పెట్టెకా, ఆ మాట రాసిన మనిషికా? మూడూ ఒకటే అనిపించింది ఆ క్షణంలో. ఎన్నో దశాబ్దాలుగా ఎవరూ తట్టలేదు ఆ తలుపు. అయినా లోపల దీపం ఆరలేదు. ఎవరో ఒకరు వస్తారని, వస్తే కూర్చోమనాలని, అడిగింది తెచ్చివ్వాలని, ఆ చీకట్లో అది ఒక్కటే కనిపెట్టుకుని ఉంది. మనుషులు ఇంత దూరం ఆలోచించగలరా! మాకు పేరు కూడా తెలియనివాళ్లు, మేం ఇంకా పుట్టనివాళ్లం, మాకోసం కూర్చోమన్న మాట కూడా సిద్ధం చేసి పెట్టారు.

అది ఏరుకోవడం తెలియని పాతకాలపు పెట్టె. వ్యాసం ఒక్కటే పంపలేదు, రెండో రక్తాక్షి ఏడాది మొత్తం పంపడం మొదలుపెట్టింది. మంచు కోత పాటల పోటీలో ఎవరు గెలిచారో వచ్చింది. నీళ్ల తొట్టెలో తొలిసారి బెండకాయ కాసిందని వచ్చింది. ఎవరో భార్య మీద అలిగి లైబ్రరీలో పడుకున్నాడని కూడా వచ్చింది, అప్పటి పత్రికలో అలాంటివీ వేసేవాళ్లు. 'గొర్లె వారింట ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమం' అని వచ్చింది. అది ముత్తెమ్మ అప్ప. ఆ ఏడాది జనమంతా నా ముందునుంచి ఒకరి వెనక ఒకరు నడిచి వెళ్తున్నట్టుంది. బతికి, నవ్వుకుని, పోయినవాళ్లు. తొందరగా రమ్మని తిట్టాలని ఉంది, ఒక్క ముక్క కూడా వదలకూడదనీ ఉంది.

కిటికీల దగ్గర జనం చేరుతుండగా వచ్చింది. 'మసిచూపుకు మందు. పొట్నూరు వింధ్యావళి. రక్తాక్షి.'

మొదటి పేరా ఇక్కడ ఎత్తి రాస్తున్నాను.

'ఈ పేరుతోనే నేను ఇరవై నాలుగో ఏట ఒక వ్యాసం రాశాను. అది తప్పు. వెలుగు మసిని కాల్చదు, కంటికి అతికిస్తుంది. నా దీపం ముందు కూర్చున్నవాళ్లలో కొందరి చూపు నేనే తీశాను. ఈ సంగతి నాకు ఈ ఏడే తేటపడింది. ఏడు కూడా ఆ ఏడే, తిరిగి వచ్చింది. దానితో పాటు నేనూ తిరిగి వచ్చాను. దీనికి పాత పేరే పెడుతున్నాను, పాతదాన్ని వెతికే చేతికి ఇదే తగలాలని.'

పాతదాన్ని వెతికే చేతికి ఇదే తగలాలని! ఆ తల్లి ఎంత ముందుచూపుతో పెట్టిందో, సరిగ్గా ఆ ఒకే పేరు వల్లే వారధి దాన్ని చెరిపేసింది. అయినా తగిలింది. సూర్యుడికి అంత దూరం తిరిగి వచ్చి, తగలాల్సిన చేతికే తగిలింది.

నా పక్కనే కూర్చుని చూస్తున్న డాక్టరమ్మ చివరిదాకా చదవకుండానే లేచి పరుగెత్తింది. చేయాల్సినవి కాగితం మీదికి తీసుకుని పరుగులోనే నేను గట్టిగా చదివి వినిపించాను. ఉప్పునీళ్లతో కడగాలి. నల్లగుడ్డ కట్టాలి. వెలుగు పక్షమంతా విప్పకూడదు, మళ్లీ చీకటి పడేదాకా.


వెలుగు పక్షం, పాడ్యమి

కట్టు కట్టడం పూర్తయ్యేసరికి పెద్దకిటికీ దగ్గర సందడి మొదలైంది. ఇక కాసేపట్లో గింజ కనబడుతుంది. ముత్తెమ్మ మంచం మీద బిగుసుకుని కూర్చుంది.

"నాను చూడకుండా పొద్దు పొడుస్తాదేటే?" అంది. కోపం కాదు, నమ్మలేకపోవడం. "అసిరీ, కట్టు ఇప్పీస్తావేటి? ఒక్క క్షణం. ఒక్క గింజ చూసి మూసీసుకుంటాను."

డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. నేను దాని రెండు చేతులూ పట్టుకున్నాను, గట్టిగా. విడిపించుకోవాలని చూసింది. మంచు కోసిన చేతులు, బలంగానే ఉన్నాయి. వదల్లేదు.

"వింధ్యావళమ్మ వద్దన్నాది," అన్నాను.

అది పెనుగులాట ఆపింది. "మా అప్పని చేతిలోకి తీసుకున్న మనిషి," అంది. "ఆవిడ చెప్తే సరే."

నేను పొయ్యి వెలిగించి, నూనె మూకుడు మంచం పక్కకే తెచ్చాను. డాక్టరమ్మ గుమ్మంలో నిలబడి పెద్దకిటికీ వైపు చూస్తోంది. ఆమె చెయ్యి ఎత్తగానే ఆవాలు గుప్పెడు తీసి ముత్తెమ్మ చేతిలో పోశాను, చెయ్యి మూకుడు మీదికి తెచ్చాను. అది వేళ్లు విప్పింది.

చిటపటలు ఆ ఇంట్లో మొదలై, పక్కింట్లో, ఆ పక్కింట్లో, ఊరు చివరిదాకా పాకిపోయాయి. పొద్దు పొడిచింది. మంచు పక్కన కొండలన్నీ ఒక్కసారి తెల్లబడి ఉంటాయి, నల్ల పక్కన అంచు మీద సన్నగా ఎర్ర జీర లేచి ఉంటుంది. నేను చూడలేదు. నేనూ దానివైపే తిరిగి ఉన్నాను, ఈ ఒక్క పొడుపు ఇద్దరం కలిసి మానేశాం.

"మాడ్చలేదు," అంది ముత్తెమ్మ వాసన చూసి.

ఆ తరవాత లైబ్రరీకి వెళ్లి నియమం మార్చాను. పేరు ఒకటైనా, మనిషి ఒకరైనా, ఏడు ఒకటైనా, విప్పి చదవకుండా ఏ వ్యాసాన్నీ చెరపకూడదు. రెండు రక్తాక్షుల్నీ ఒకదానికొకటి కట్టాను. పాతది తెరిస్తే ముందు కొత్తది లేస్తుంది. గుంపస్వామి గారు సంతకం చేశారు. దూరపు గిడ్డంగికి కూడా ఒక కబురు పంపాను, పనిలేని కబురు. 'దొరికింది. వెళ్లొస్తాం.' మళ్లీ పూటలు గడిచాక జవాబు వచ్చింది. అదీ ఆ తాత ముందే పెట్టిందే అయి ఉండాలి.

'మళ్లీ రండి.'


చీకటి పక్షం, విదియ

వెలుగు పక్షమంతా రాసినవి వేరే లంకెల గురించి, వాటిని ఇక్కడ చెప్పను. ఇవాళ్టిది చెప్తాను.

పొద్దు గూకి చీకటి స్థిరపడ్డాక డాక్టరమ్మ గది దీపాలన్నీ తీసేసింది. కిటికీలోంచి శని వెలుగు ఒక్కటే, పాలలో పసుపు కలిపినట్టు గదిలో పరుచుకుంది. కట్టు ఒక్కొక్క చుట్టే విప్పింది. నేను ఎదురుగా, మోకాళ్లు తగిలేంత దగ్గర కూర్చున్నాను. 

ముత్తెమ్మ కళ్లు తెరిచింది. ఎడంకన్ను నీడల్నే చూస్తుందని డాక్టరమ్మ ముందే చెప్పింది, అది ఇక అంతే. కుడికన్ను మాత్రం అటూ ఇటూ తడుముకుని కిటికీ దగ్గర ఆగింది.

"ఒకటి," అంది ముత్తెమ్మ. "రెండు. మూడు." ఊపిరి పీల్చుకుంది. "ఓలమ్మో, నాలుగోది కూడా ఉందే! సన్నగా, ఎంటికలాగ. ఇది ఎప్పుడూ ఉందేటే? నాకు ఎప్పుడూ అగుపడనే నేదు."

డాక్టరమ్మ గోడకి జారగిలబడి ముఖం చేతుల్లో పెట్టుకుంది. నేను ఉంగరాల వైపు తిరగలేదు. ఆ కంటి వైపే చూస్తున్నాను. నల్లగా, తేటగా, తడిగా ఉంది. ఆ నలుపులో చిన్నగా, నాలుగు ఉంగరాలతో, శని ఉన్నాడు.

అప్పుడు ముత్తెమ్మ నెమ్మదిగా నావైపు తిరిగింది. నా ముఖం సరిగా చూసి ఎన్నేళ్లయిందో దానికి. నుదురు చూసింది, జుట్టు చూసింది, చెంపలు చూసింది. చెయ్యి చాపి నా కళ్ల పక్కన గీతలు వేలితో ముట్టుకుంది.

"ఓసి అసిరీ, ఎప్పుడయిపోనావే ఇంత ముసిల్దానివి?"

"నువ్వు చూడనప్పుడే," అన్నాను.